ముట్టు ఆగాక ముట్టుకున్న కుండ

మా అత్త తరవాణి కుండకి ఒకటే నియమం. ముట్టు ఉన్న ఆడది దాన్ని ముట్టుకోకూడదు. ఆ ఐదు రోజులే కాదు, అసలు ముట్లుడిగేదాకా ముట్టుకోకూడదు. రోజూ అన్నం వార్చిన గంజి చల్లార్చి అందులో పొయ్యాలి, గుప్పెడన్నం వెయ్యాలి, అడుగున పాత పులుపు మిగల్చాలి. తెల్లారేసరికి ఇల్లంతా పుల్లటి వాసన. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని ఆ అన్నం తిన్నాకే అందరూ పొలానికి పోయేవారు. అత్తవారి ఊరు పద్మనాభంలో ఆ కుండ వాళ్ళత్త చేతి నుంచి మా అత్త చేతికి వచ్చింది. కొత్త కోడలిగా నేను దాన్ని మూరెడు దూరం నుంచి చూడడమే.

తర్వాత మా ఆయనకి పట్నంలో, హార్బరులో పని దొరికి అక్కడ వన్ టౌన్‌లో రెండు గదుల ఇంటికి వచ్చేశాం. పొద్దున్నే ఇడ్లీ, మధ్యాహ్నం ఫ్రిజ్జులో కూర. తరవాణి మాత్రం అత్త దగ్గరికి వెళ్ళినప్పుడే.

నలభై తొమ్మిదో ఏట నాకు ముట్లు ఆగిపోయాయి. ఒక నెల రాలేదు, రెండు నెలలు రాలేదు, ఏడాది తిరిగిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ముసలిదాన్నయినట్టే అనిపించింది. సరిగ్గా ఆ ఏడే అత్తకి చేతులు వణకడం మొదలైంది. గంజి గిన్నె ఎత్తితే సగం నేలపాలు. వెళ్ళినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"గుంటా, నీకింకా వత్తన్నాయా?"

"వత్తన్నాయత్తా."

"నాకు నలభై ఐదుకే ఆగిపోనాయి. నీదేటో గట్టి పిండం."

అని కుండ వైపు చూసేది. ఆమెకి ఉన్నది నేనొక్కదాన్నే కోడలిని. నేను తీసుకోకపోతే ఆ పులుపు ఆమెతోనే పోతుంది. తెలిసే అబద్ధమాడాను.

ఈలోగా నా పొట్ట వేరే దారి పట్టింది. తినేది ఎప్పటి తిండే. చేతులు సన్నగానే ఉన్నాయి, వెనక భాగం పల్చబడింది కూడా. పొట్ట ఒక్కటీ ముందుకొచ్చింది. ఆకుపచ్చ జాకెట్టు కింది హుక్కు పట్టడం మానేసింది, కుచ్చిళ్ళు బొడ్డు కిందికి జారేవి. మేడ మీద అద్దెకున్నామె బట్టలారేస్తూ అడిగింది, "ఏటొదినా, ఇసేసమేటి?" మా ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. "ముందు దీని పొట్ట మన గుమ్మం దాటద్ది, ఎనకాల ఇది దాటద్ది."

ఇలా కాదని సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. "ముట్లు ఆగాక ఒంట్లో ఆడవాళ్ళ హార్మోను తగ్గిపోతుందమ్మా. అది ఉన్నన్నాళ్ళూ కొవ్వుని తొడలకీ నడుం కిందికీ పంపేది. ఇప్పుడు పంపేవాళ్ళు లేరు, అందుకని పొట్టలో కూర్చుంటోంది. మన పేగుల్లో కోట్ల క్రిములుంటాయి. వాటి వరసా ఈ వయసులో కొంత మారుతుందంటారు."

నడవమనీ, ఆకుకూరలు తినమనీ ఇంకా ఏవో చెప్పింది. నాకు వినబడలేదు. పేగుల్లో క్రిములు అన్న దగ్గరే నా చెవులు మూతపడ్డాయి. బయటికి రాగానే మందుల షాపులో నులిపురుగుల మాత్ర అడిగి కొనుక్కున్నాను. అది చాలదని మూడు రోజులు పరగడుపున వేపాకు రసం తాగాను. మూడు రోజులూ మరుగుదొడ్డికీ మంచానికీ తిరగడమే సరిపోయింది. పొట్ట మాత్రం ఉన్న చోటే ఉంది.

ఆ ఆదివారం పద్మనాభం వెళితే అత్త నా ముఖం చూసి లోపలికి రానివ్వకుండానే అడిగింది.

"మొకం అలా పీక్కుపోయిందేటే?"

"కడుపులో క్రిములున్నాయంటత్తా. సంపడానికి మందేసుకున్నాను."

"ఎవలు సెప్పారు?"

"డాక్టరమ్మ."

"సంపమందా?"

ఆలోచించాను. "సంపమన్లేదు. ఉన్నాయంది."

"ఉంటే ఉండనీవే. నా కుండలో మట్టుకు క్రిములు నేవేటి? అవి ఉండబట్టే కదా పులుత్తంది. ఇన్నేళ్ళూ వాటికే కదా నాను కూడెడతన్నాను." అని, "అసలు డాక్టరు కాడికి ఏటికెళ్ళావు?" అంది.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "ముట్లు ఆగిపోనాయత్తా. ఏడాది దాటింది."

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా తుడుచుకుంది.

"ఏడాదా. మరి నెలనెలా వత్తన్నాయన్నావు, అవి ఎవలివే?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ముసల్దాన్నయిపోనానంటావని."

"ముసల్దాన్ని నానున్నాను కదే. నీకేటి తొందర?"

అంటూ గంజి గిన్నె తెచ్చి నా చేతుల్లో పెట్టింది. దారి పొడుగునా ఒలికించుకుంటూ వచ్చింది, పాపం. లోపలికి వెళ్ళి, ముప్ఫై ఏళ్ళు దూరం నుంచి చూసిన కుండ దగ్గర కూర్చుని పోశాను. కుండ చల్లగా ఉంది, లోపల చిన్నచిన్న బుడగలు పైకి వస్తున్నాయి.

సాయంత్రం సగం పులుపు కొత్త కుండలో పోసుకుని, మూతకి గుడ్డ కట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వన్ టౌన్‌కి తెచ్చుకున్నాను. పొట్ట అడ్డుగా ఉండబట్టి కుండ కదల్లేదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మాత్ర సంగతి విని చాలాసేపు నవ్వింది. ఆమె అన్న క్రిములు కంటికి కనబడవట, చాలావరకు మనకి పనికొచ్చేవేనట. తరవాణి పేగులకి మంచిదేగానీ పొట్ట తగ్గిస్తుందని మాత్రం తాను చెప్పలేనంది. నడక మానొద్దంది. పొద్దున్నే చేపల రేవు దాకా నడిచి వస్తున్నాను. టైలరు ఆకుపచ్చ జాకెట్టుకి రెండు వేళ్ళ గుడ్డ కలిపాడు. ఇప్పుడు హాయిగా ఉంది.

అత్త రోజూ ఉదయం ఫోను చేస్తుంది. పాత ప్రశ్న పోయి కొత్తది వచ్చింది.

"పులిసిందా?"

"పులిసిందత్తా."

మొన్న వానలు పట్టి చలి పెరిగిన వారం, "నేదత్తా" అన్నాను.

"అయితే పొయ్యి పక్కనెట్టు," అంది.