గురువారం మెట్లెక్కే మనిషి

జూలై నెలాఖరు, గురువారం సాయంత్రం. తెనాలి. ఉదయం నుంచీ వాన.

ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, నా భార్య వరలక్ష్మి, ఇంటి యజమానురాలు మస్తాన్‌బీ, ఆమె కూతురు షకీలా. నలుగురం. ఐదో మనిషి కూడా ఉన్నాడని వాళ్ల ముగ్గురినీ నమ్మించింది నేను.

ఉద్యోగంలో చేరిన ఏడు మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ మానలేదు. ఆ అలవాటు కొద్దీ తేదీతో, హాజరుతో మొదలుపెట్టాను. ఈ సంగతి మాత్రం అందులో ఎక్కడా రాయలేదు. ఇన్నేళ్లూ దీన్ని మోస్తూనే కూరగాయలు తెచ్చుకున్నాను, పెళ్లిళ్లకు వెళ్లాను, నలుగురిలో పెద్దమనిషిననిపించుకున్నాను. బరువు ఎక్కడుందో చూపించమంటే చూపించలేను. గురువారం మధ్యాహ్నం నుంచి మాత్రం తెలుస్తుంది. అన్నం సహించదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. మస్తాన్‌బీ ఇప్పుడు లేదు. ఆ వాన వెలిసిన ఏడాదిలోపే బాపట్లలో పోయింది. డాక్టర్లు గుండె అన్నారు. నేనూ అదే అనుకోవాలని చాలా ప్రయత్నించాను.

మొదటి నుంచి చెబుతాను.

రేపల్లెలో ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. క్వార్టర్సు ఖాళీ చేయాల్సి వచ్చింది. వరలక్ష్మికి ఉబ్బసం. ఆమెను చూసే డాక్టరు తెనాలిలో ఉన్నాడు గనక అక్కడే ఉందామనుకున్నాం. సరిగ్గా అప్పుడే రాజధాని ఇటువైపు వస్తుందన్న మాట బయలుదేరింది. అద్దెలు మా పెన్షనుకు అందనంత పైకి వెళ్లిపోయాయి. టూ-లెట్ బోర్డు చూసి గేటు తీస్తే ముందు "మీరేమిట్లండి?" అని కులం అడిగేవారు. తర్వాత చుట్టాలు ఎక్కువగా వస్తారా, నీళ్లు ఎంత వాడతారు. అన్నిటికీ సరైన జవాబులు చెప్పాక అద్దె చెప్పేవారు. ఒకావిడ వరలక్ష్మి దగ్గు విని, "ఈవిడకేంటండి, అంటుకునేదేం కాదు కదా?" అంది.

"కాదండి, పెళ్లయినప్పటినుంచీ దగ్గుతోంది, నాకింకా అంటుకోలేదు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఇల్లూ ఇవ్వలేదు.

చివరికి లిఫ్టు లేని ఒక పాత అపార్ట్‌మెంటులో, కింద బండ్లు పెట్టుకునే చోటు వెనక, ఒక గదీ వంటిల్లూ దొరికాయి. గోడకు చెయ్యి ఆనిస్తే తడి. వానాకాలంలో పరుపు కూడా చెమ్మగిల్లేది. వరలక్ష్మి పడుకోలేక మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి తీసుకునేది. మా నెత్తి మీద రెండో అంతస్తులో మాత్రం ఒక ఫ్లాటు తాళం వేసి ఉండేది. రెండు గదులు, తూర్పు బాల్కనీ, గాలి. అది మస్తాన్‌బీది.

ఆమె భర్త చీరాల నుంచి చీరలు తెచ్చి తెనాలి కొట్లకు వేసేవాడు. మేము ఆ బిల్డింగులోకి రాకముందే పోయాడు. పోయింది కూడా ఆ ఇంట్లో కాదు, గుంటూరు ఆసుపత్రిలో. నేనాయన్ని ఎన్నడూ చూడలేదు. ఆమె బాపట్లలో చెల్లెలి ఇంటికి చేరి, ఆ ఫ్లాటు మీద వచ్చే అద్దెతో ఎవరికీ బరువు కాకుండా బతకాలనుకుంది. పెద్దవాడినని తాళం నా చేతిలో పెట్టింది. "ఎవరైనా వస్తే చూపించండి అన్నయ్యా. మీకు మంచివాళ్లనిపిస్తే చాలు, నేనింకేమీ అడగను" అంది. ఆమె అనుకున్న అద్దె మాకు అందేది కాదు. తగ్గిస్తారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగి ఉంటే తగ్గించేదేమో. ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో.

ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు అన్నీ చూశాక బిల్డింగులో ఉన్నవాళ్లను ఒక మాట అడుగుతారు. ఇల్లు కలిసొచ్చేదేనా అని. మొదట వచ్చింది ఒక కొత్త జంట. ఆ అమ్మాయి మెట్ల మీద ఆగి, "ఇంటాయన ఈమధ్యే పోయారంట, ఇక్కడేనాండి?" అని మెల్లగా అడిగింది. ఆసుపత్రిలో అని చెప్పాలి. చెప్పలేదు. నేల చూస్తూ ఊరుకున్నాను. వాళ్లు మళ్లీ రాలేదు.

నేనేమీ అనలేదు కదా అని సమాధానపడ్డాను. నిజమే, అనలేదు. రెండోసారి వచ్చినాయనతో అన్నాను. సాయంత్రం పూట ఎవరో మెట్లెక్కి వస్తున్న చప్పుడవుతుందని, అది ఆ తలుపు దగ్గరే ఆగుతుందని, తీసి చూస్తే ఎవరూ ఉండరని. "రోజూనాండి?" అన్నాడాయన. ఆ రోజు గురువారం. వేరే ఏమీ తోచక, "గురువారం పూట" అన్నాను. అబద్ధానికి ఒక రోజు పెట్టేసరికి అది ఎంత నిజంలా వినిపించిందంటే, చెప్పిన నాకే ఒళ్లు జలదరించింది.

ఆ తర్వాత ఆఫీసులో ఫైలు నడిపినట్టే నడిపాను. ఎవరొచ్చినా ఒకే మాట, తేడా రాకుండా. కొన్నాళ్లకు బ్రోకర్లు ఆ మెట్లెక్కడం మానేశారు. అద్దె దిగుతుంది, అప్పుడు మేమే తీసుకోవచ్చు. నా లెక్క అంతవరకే. ఆమెకు జరిగే నష్టం గురించి ఆలోచించానా? ఆలోచించాను. ఆలోచించి కూడా చేశాను.

ఒక రోజు మస్తాన్‌బీ బాపట్ల నుంచి వచ్చింది. పుకారు ఆమె దాకా వెళ్లింది. తిడుతుందనుకున్నాను, తాళం లాక్కుంటుందనుకున్నాను. ఆమె మా గది ముందు నిలబడి ఒక్కటే అడిగింది.

"ఏ రోజు వినపడుతుందన్నారంట అన్నయ్యా?"

"గురువారం" అన్నాను.

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. అక్కడి నుంచే చెప్పింది. వాళ్లలో ఒక నమ్మకం ఉందట. గురువారం సాయంత్రం పోయినవాళ్లు తమ ఇంటి గుమ్మం దాకా వస్తారట. లోపల ఎవరైనా తమ పేరిట ఫాతెహా చదువుతున్నారా అని చూసి, ఆ ప్రార్థన విని వెళతారట. ఎవరూ లేకపోతే అలాగే వెనక్కి తిరుగుతారట.

"నేను బాపట్లలో కూర్చుని చదువుతున్నానండి. ఆయనేమో ఇక్కడికొచ్చి తాళం చూసి పోతున్నాడు" అంది.

నాకు ఆ నమ్మకం సంగతి తెలియదు. నిజంగా తెలియదు. అన్ని రోజులుండగా నా నోటికి ఆ రోజే ఎందుకొచ్చింది? ఇది కూడా నేను ఇప్పటికీ తేల్చుకోలేని ప్రశ్న.

ఆమె ఇల్లు మాకే ఇస్తానంది. "మీకు వినపడిందంటే మీరంటే ఆయనకి ఇష్టమే" అంది. అద్దె ఎంతైనా ఫరవాలేదంది. మేం చెప్పింది ముందు అనుకున్నదానిలో సగం కూడా లేదు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: గురువారం సాయంత్రం తలుపు తీసి ఉంచాలి, ఆమె వచ్చి ముందు గదిలో కాసేపు కూర్చుంటుంది.

వరలక్ష్మి ఆ ఇంట్లో మొదటి వారమే పడుకుని నిద్రపోయింది. ఆ నిద్ర చూసి నేను సంతోషించాను. అది దాచను.

ప్రతి గురువారం మస్తాన్‌బీ బాపట్లలో ప్యాసింజరు ఎక్కి వచ్చేది. చిన్న డబ్బాలో ఏదో తీపి, పొట్లంలో సాంబ్రాణి. ఆయాసం వల్ల ప్రతి మలుపు దగ్గరా ఆగేది. లోపల కూర్చుని నేను వినేవాణ్ని. బరువైన అడుగు, ఆగడం, మళ్లీ అడుగు, చివరికి మా తలుపు ముందు ఆగడం. నేను అందరికీ వర్ణించి చెప్పిన చప్పుడు అదే. పోలిక తప్పలేదు. నేను పుట్టించిన మాట కాళ్లు తెచ్చుకుని మెట్లెక్కి వస్తున్నట్టుండేది.

ఒకసారి వరలక్ష్మి, "నాకెప్పుడూ వినపడదేంటండీ?" అంది. "నీకు చెవుడు మొదలైంది" అన్నాను. ఆ తర్వాత కొన్నాళ్లకు తనకూ వినిపిస్తోందని చెప్పడం మొదలుపెట్టింది. నన్ను సంతోషపెట్టడానికి కాదు. నిజంగానే చెవి రిక్కించి, "అదుగో" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేవాణ్ని.

ఇలా ఏళ్లు గడిచాయి. మస్తాన్‌బీ కాళ్లు వాచేవి. మెట్ల మీద ఆగే చోట్లు ఎక్కువయ్యాయి. షకీలా చీరాలలో కాపురం ఉంటుంది. తల్లిని తన దగ్గరికి రమ్మని ఎప్పటినుంచో అడుగుతోంది. చివరికి తేల్చుకోవడానికి తనే వచ్చింది. అదే నేను మొదట రాసిన గురువారం.

"మామయ్యగారూ, మీరైనా చెప్పండి" అంది షకీలా. "గుండెకి ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. లేకపోతే కష్టమన్నారు. చేశాక నా దగ్గరే ఉండాలి, రైళ్లు, మెట్లు ఇంక కుదరవు. ఈ ఫ్లాటు అమ్మేసి చేయించేద్దామంటే, గురువారం సంగతేంటంటుంది."

"మరి ఏంటి?" అంది మస్తాన్‌బీ.

"నాన్న బతికుండగా ఒక్కరోజైనా టైముకి ఇంటికొచ్చాడా అమ్మా? ఇప్పుడు మాత్రం వారం తప్పకుండా వస్తున్నాడా?"

"అప్పుడు చీరల బేరాలుండేవే. ఇప్పుడాయనకి వేరే పనేముంది" అని మస్తాన్‌బీ నవ్వింది. నవ్వుతోనే ఆయాసం వచ్చింది. తగ్గాక నా వైపు తిరిగింది.

"సరే, అన్నయ్యని అడుగుదాం. ఆయన రావడం లేదని అన్నయ్య అంటే రేపే నీతో వచ్చేస్తాను. కోయించుకుంటాను. వస్తున్నాడంటే మాత్రం నన్నింక అడగొద్దు. గుమ్మం దాకా వచ్చే మనిషికి ఇల్లు లేకుండా చెయ్యలేను."

సాంబ్రాణి పొగ గదిలో తక్కువ ఎత్తులోనే నిలిచి ఉంది. ముగ్గురు ఆడవాళ్లూ నా వైపే చూస్తున్నారు. ఒక్క మాట. నిజం చెబితే ఆమె బతకడానికి దారి ఉంది. ఇల్లు పోతుంది, వరలక్ష్మి మళ్లీ ఆ చెమ్మ గోడల మధ్యకు వెళుతుంది. ఇదీ నాకు నేను చెప్పుకున్న కారణం. కానీ అది కాదు. ఆ ముగ్గురి ముందు, ఇన్నేళ్ల తర్వాత, నేను అబద్ధాలకోరునని తేలడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక మనిషి ప్రాణం ఒకవైపు, నా పెద్దరికం ఒకవైపు. నేను ఎక్కువసేపు ఆలోచించలేదు కూడా.

"వస్తున్నారమ్మా" అన్నాను. అక్కడితో ఆగి ఉండవచ్చు. "ఇందాక కూడా వినిపించింది" అన్నాను.

"నేనూ విన్నాను వదినా" అంది వరలక్ష్మి.

షకీలా తల దించుకుంది. మస్తాన్‌బీ కొంగు తల మీదికి లాక్కుని గుమ్మం వైపు తిరిగి ఫాతెహా చదవడం మొదలుపెట్టింది.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. ఆపరేషన్ జరగలేదు. ఇప్పుడా ఫ్లాటు షకీలాది. అమ్మ మాట అని అమ్మలేదు, అద్దె పెంచలేదు. మేం ఇంకా అక్కడే ఉన్నాం. గురువారం వరలక్ష్మే సాంబ్రాణి వేసి తలుపు తెరిచి, గుమ్మానికి తెర వేస్తుంది. కొన్ని సాయంత్రాలు మెట్ల మీద చప్పుడవుతుంది. బరువైన అడుగు, ఆగడం, మళ్లీ అడుగు. పై అంతస్తువాళ్లే అయ్యుంటారు. నేను మాత్రం లేచి ఆ తెర తొలగించి చూడను. అక్కడ ఎవరైనా ఉంటారేమోనని కాదు. ఎవరూ లేకపోతే అది సరిగ్గా నేను చెప్పిన మాటే అవుతుంది.

షకీలాకు ఇంకా చెప్పలేదు. చెబుతాననీ మీకు మాట ఇవ్వలేను. మిగిలిందొక్కటే చెబుతాను. ఆ గురువారం మర్నాడు ఉదయం జరిగింది.

పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఆగిపోవడంతో తల్లీకూతుళ్లు మా దగ్గరే పడుకున్నారు. తెల్లవారేసరికి వాన వెలిసింది. షకీలా ఆటో కోసం కిందికి వెళ్లింది. వరలక్ష్మి వంటింట్లో టీ కాస్తోంది. మస్తాన్‌బీ ముందు గదిలో, ముందు రోజు కూర్చున్న చోటే కూర్చుని ఉంది. నన్ను పిలిచింది.

"రాత్రి ఆయన వచ్చాడన్నయ్యా. ఇన్నేళ్లకి మాట కూడా వినపడింది."

"ఏమన్నారమ్మా?" అన్నాను.

"మీ గురించే. మీరు నాకేదో చెప్పాలంట. చాన్నాళ్లుగా చెప్పలేకపోతున్నారంట. అడిగి వెళ్లమన్నాడు."

ఆమె ముఖంలో కోపం లేదు. అనుమానం లేదు. పాలు వచ్చాయా అని అడిగినట్టే అడిగింది. ఆమెకు నిజంగా తెలుసా? కలా? లేక నాకు ఒక దారి తెరిచి పెట్టిందా? ఏదైనా కావచ్చు. ఏది నిజమో తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

"ఏంటన్నయ్యా అది?"

"ఏమీ లేదమ్మా" అన్నాను.

కింద ఆటో హారన్ కొట్టింది. ఆమె లేవలేదు. నా ముఖం వైపు చూస్తూ ఇంకాసేపు కూర్చుంది. మళ్లీ హారన్ వినిపించాక నేల మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది.

"అయితే నేనే సరిగా విని ఉండను" అంది. చెప్పులు వేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

ఆమె అడిగినదానికి జవాబు నోటితో చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

ఎవరూ రాలేదమ్మా. ఆ గురువారాల్లో ఒక్కరోజు కూడా ఆయన రాలేదు. మెట్లెక్కి వచ్చింది నువ్వొక్కదానివే.