మెట్ల కింద మూడు చుక్కలు

మా బావమరిది ఒక చేతిగడియారం కోసం మా పళ్ళ డాక్టరుగారిని హత్య చేశాడు.

హత్య అంటే పూర్తిగా కాదు. చెయ్యాలనుకున్నాడు. అదీ మధ్యాహ్నం దాకానే. ఆ తరువాత కింది దవడలో నొప్పి మొదలై డాక్టరు అవసరం పడింది. నేను చదివిన కాన్వెంటులో అబద్ధమాడితే సిస్టర్లు అరచేతి మీద స్కేలుతో కొట్టేవారు. అందుకని కథ చెప్పేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవడం అలవాటైంది. ఇది రాయడానికి ఒక చెయ్యి బయట పెట్టక తప్పలేదు కాబట్టి, ఆ మేరకు నిజమే చెబుతాను.

మా ఆవిడ తమ్ముడు వాచీలు బాగుచేస్తాడు. మందుల షాపుకీ తాళంచెవుల వాడికీ మధ్య ఇరుకు కొట్టు. కొట్లో ఫ్యాను ఉంది కానీ తిరగదు, గాలికి చిన్న చక్రాలు ఎగిరిపోతాయని. తుమ్ము వస్తే వీధిలోకి వెళ్ళి తుమ్మి వస్తాడు. ఎవరైనా "నా వాచీ అయిందా?" అంటే తలెత్తకుండా "ఒక్క నిమిషం" అంటాడు. ఆ నిమిషం ఒక్కోసారి రెండు నెలలు. అందుకే ఊరంతా నిమిషం బాబాయి అంటారు. వాడి సొంత వాచీ కూడా రోజూ కాస్త వెనకబడి నడిచేది. అడిగితే, "వాచీ సరిగ్గానే ఉంది బావా, జనానికే తొందర ఎక్కువైంది" అనేవాడు.

పనిలో మాత్రం వంక పెట్టలేం. ఇంకొకరు చేసిన వాచీ మూత తియ్యగానే పెదవి విరిచేవాడు. "చూడు, స్క్రూ తల ఎలా చెక్కేశాడో! ఇక్కడ వెంట్రుక కూడానూ! వీణ్ణి మంగలికొట్టుకి పంపాలి, వాచీల కొట్టుకి కాదు."

వాళ్ళ వృత్తిలో ఒక ఆచారం ఉంది. వాచీ విప్పి నూనె వేసినవాడు మూత లోపలి వైపు సూదితో చిన్న గుర్తు గీస్తాడు. పెట్టుకున్నవాడికి కనబడదు, మళ్ళీ విప్పినవాడికి కనబడుతుంది. మావాడి గుర్తు నెలవంక. పళ్ళ డాక్టరుగారికి వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన కీ వాచీ ఒకటుంది. ఊళ్ళో అంత మేలురకం వాచీ ఇంకోటి లేదు. దాని మూత లోపల వరసగా నెలవంకలే. మావాడికి అది ఇంకొకరి వాచీ అనే సంగతే గుర్తుండేది కాదు.

ఒకరోజు డాక్టరుగారు పట్టీ మార్చమని ఆ వాచీ ఇచ్చి వెళ్ళారు. పట్టీకి మూత తియ్యక్కర్లేదు. అయినా మావాడు తీశాడు, పాత స్నేహం కదా. ఆఖరి నెలవంక పక్కన మూడు చుక్కలు కనబడ్డాయి.

నేను వెళ్ళేసరికి మనిషి కంటికి భూతద్దం అలాగే పెట్టుకుని గోడను చూస్తున్నాడు.

"ఇంకొకళ్ళ చెయ్యి పడింది బావా."

"పడితే ఏమైంది? వాచీ తిరుగుతోందిగా?"

"తిరుగుతోంది. అదే నా ఏడుపు! స్క్రూల మీద ఒక్క గీత లేదు. నూనె ఎంత కావాలో అంతే వేశారు. మురికిచేతుల వాడైతే ఊరుకుందును." బల్ల మీద గుద్దబోయి, బల్ల మీద సామాన్లు చూసి తొడ మీద గుద్దుకున్నాడు. "ఇన్నేళ్ళలో నేను ఒక్క పన్నయినా ఇంకోడి దగ్గర పీకించుకున్నానా?"

హత్య ఆలోచన ఇక్కడిది. సాయంత్రం ఆ పన్నునొప్పితో డాక్టరుగారి కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని, "ఆ ఊడు జుక్కలు ఎవలివి?" అని అడిగాడట. ఆయన నవ్వి చెప్పారు, "పాత వంతెన దగ్గర, మెట్ల కింద కొట్లో ఒకావిడ ఉందండీ. మీరేమో ఒక్క నిమిషం అన్నారు. వేసవి వెళ్ళిపోయింది."

మర్నాటి నుంచి మావాడికి అన్నం సయించలేదు. నాలుగోనాడు ఒక ఎత్తు వేశాడు. తన సొంత వాచీ విప్పి, ఒక స్క్రూ వదులు చేసి, మంచి స్ప్రింగు తీసి అరిగిపోయినది పెట్టాడు. అది నా వాచీ అని చెప్పి నేను ఆవిడకివ్వాలి. ఆవిడ రెండింట్లో ఒక్కటైనా పట్టుకోలేకపోతే, ఆ సంగతి డాక్టరుగారి చెవిన వెయ్యాలి. డాక్టరుగారి వాచీ తిరిగి ఎవరి చేతికి రావాలన్నది దానితో తేలిపోతుంది.

ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. మెట్ల కింద వంగి కూర్చోవాలి, పైన జనం దిగుతుంటే కొట్టంతా దడదడలాడుతుంది. వాచీ చేతిలోకి తీసుకుంది కానీ విప్పలేదు.

"ముందు చెప్పండి. కింద పడిందా? తడిసిందా? కీ పొద్దున ఇస్తారా, రాత్రా?"

మావాడు వీధిలో స్తంభం చాటున నిలబడి గొడుగులు బేరమాడుతున్నట్టు నటిస్తున్నాడు.

"పొద్దున... కాదు, రాత్రి..." అన్నాను నేను.

"పొద్దున్నే!" స్తంభం వెనక నుంచి కేక వచ్చింది. "మొహం కూడా కడుక్కోకముందే!"

ఆవిడ కళ్ళజోడు మీదుగా చూసింది. "మీరెవరండీ?"

"దారినపోయేవాణ్ణి."

"సరే," అంది ఆవిడ. "వచ్చే వారం రండి. బల్ల మీద పడుకోబెట్టి చూడాలి, నిలబెట్టి చూడాలి. ఈ లోపల అయిందా అని అడగొద్దు. అయితే నేనే కబురు చేస్తాను."

ఆవిడ అప్పుడు మూత తీసి, స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే స్క్రూ తల మీద ఆనించి, సరిపోయినది దొరికాకే తిప్పింది. తిరిగొస్తుంటే మావాడు నా మోచెయ్యి నులిమేశాడు. "చూశావా బావా, ఎలా ఏరి తీసిందో! దొంగమొహం!"

ఆ వారమంతా ఖాళీ మణికట్టు నిమురుకుంటూ తిరిగాడు. పాత వంతెన మీద పని లేకపోయినా పని కల్పించుకున్నాడు. వాళ్ళావిడ నాతో మొరపెట్టుకుంది. "అన్నయ్యగారూ, నేను పుట్టింటికెళ్ళి నెల్లాళ్ళున్నా ఇంత బెంగపడలేదు ఈయన. ఆ వాచీ అయినా తొందరగా కాపురానికి రాకపోతే నేనే వెళ్ళి తెచ్చేస్తా."

కబురు వచ్చింది. ఈసారి స్తంభం అక్కర్లేకుండా మావాడు నాకంటే ముందే వెళ్ళి నిలబడ్డాడు.

"స్క్రూ ఒకటి వదులైంది, బిగించాను," అంది ఆవిడ నాతో. "స్ప్రింగు ఎవరో పనిగట్టుకుని ముసలిదాన్ని తెచ్చి పెట్టినట్టున్నారు. మార్చాను. అవి నిన్నమొన్నటివి. రోజూ వెనకబడే జబ్బు మాత్రం పాతది. దానికి కారణం ఇది."

తీసేసిన స్ప్రింగు ఉన్న కాగితం పొట్లం విప్పి చూపించింది. స్ప్రింగు పక్కన ఒక వెంట్రుక ఉంది. పొట్టిది, వంపు తిరిగినది, తెల్లగా మెరుస్తోంది. చక్రాల మధ్య ఇరుక్కుని ఉందట.

ఆవిడ నా బట్టతల వైపు చూసింది. తరువాత మావాడి కనుబొమ్మల వైపు చూసింది. భూతద్దం పెట్టుకుని ఏళ్ళ తరబడి వంగి చూసిన కనుబొమ్మలు, పత్తికాయ పగిలినట్టుంటాయి. పొట్లం మడిచి మావాడి ముందు పెట్టింది. దానికంటే ఒక మాట అని ఉంటే బాగుండేది.

మావాడు వాచీ లాక్కుని, జేబులోంచి పనిముట్టు తీసి, అక్కడే మూత ఊడదీశాడు. దారినపోయేవాళ్ళ జేబుల్లో అలాంటివి ఉండవు. మూత లోపల నెలవంకలే ఉన్నాయి. చుక్కలు లేవు.

"పని చేసి గుర్తు పెట్టలేదేం?" అని అడిగాడు.

"దారినపోయేవాళ్ళ వాచీల్లో నేను గుర్తు పెట్టనండీ," అంది ఆవిడ, ఇంకో వాచీ అందుకుంటూ.

వంతెన దాటాక మావాడు, "మర్యాదలో కూడా నన్ను మించిపోయింది బావా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహం మళ్ళీ పన్నునొప్పి వచ్చినట్టే ఉంది.

కొన్నాళ్ళకి డాక్టరుగారు వాచీ పట్టుకుని కొట్టుకి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. "నూనె వెయ్యించాలండీ. మీకివ్వనా, ఆవిడకివ్వనా? మీరెలా అంటే అలా."

మావాడు వాచీని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. అడ్డదిడ్డంగా ఏదో ఒక వంక చెప్పి తనే ఉంచేసుకొమ్మని నేను లోపల్లోపల తొందరపెడుతున్నాను. ఎంతైనా మావాడు కదా.

"ఆవిడకే ఇవ్వండి," అన్నాడు చివరికి. వాచీ మాత్రం వెంటనే వదల్లేదు. డాక్టరుగారు మెల్లగా లాక్కోవలసి వచ్చింది. "కానీ తెచ్చాక ఒకసారి నాకు చూపించండి. మూత తీసి చూస్తాను. పట్టీలు మాత్రం నా దగ్గరే."

ఇంతవరకూ రాసి నిన్న మా బావమరిదికి చదివి వినిపించాను. అక్కడే కూరగాయలు తరుగుతున్న వాళ్ళక్క నవ్వాపుకోలేక కత్తి పక్కన పెట్టేసింది. వాడు శ్రద్ధగా విని, వాచీ చూసుకున్నాడు. అది గోడగడియారంతో సమానంగా నడుస్తోంది. కనుబొమ్మలు బొగ్గులా నల్లగా ఉన్నాయి, ఒకదాని రంగు కంటి మీదికి కాస్త కారింది కూడా.

"అంతా కట్టుకథ," అన్నాడు. "ఆ మెట్లెక్కడున్నాయో నాకు తెలీదు. నా వాచీ ఇంకొకళ్ళ చేతికి నేనెప్పుడూ ఇవ్వలేదు. నా కనుబొమ్మల్లో పుట్టి బుద్ధెరిగాక ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అక్కా, ఈ మనిషి మాటలు నువ్వు ఇన్నేళ్ళు ఎలా నమ్మావే?"