ఒక్క పళ్లెంలో నాలుగు పిల్లులు

రెండువేల ఆరులో సికింద్రాబాద్‌లోని ఒక ప్రభుత్వ పశువైద్యశాలకు నన్ను అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. సర్వీసులో చేరి అప్పటికే ఇరవై ఏళ్లు. నడుం నొప్పి వచ్చింది గానీ ప్రమోషన్ రాలేదు. అక్కడి ఓపీ రిజిస్టరులో గేదెలకో గడి, కుక్కలకో గడి ఉండేవి. పిల్లులను ‘ఇతరములు’ కింద రాసేవాళ్లం.

ఒకరోజు ఓపీ ముగిసే వేళకు లాలాగూడ నుంచి యాదగిరి వచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. సంచిలో చిన్ని అనే పిల్లి. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, జ్వరం తగ్గడం లేదు. నెత్తురు తీసి ప్రైవేటు ల్యాబుకు పంపించాను. ఫెలైన్ ల్యుకీమియా వైరస్ అని తేలింది. మనుషులకు రాదు, పిల్లి నుంచి పిల్లికి ముఖ్యంగా ఎంగిలి వల్ల అంటుకుంటుంది. విరుగుడు లేదు.

రిపోర్టు కోసం వచ్చినప్పుడు, ఇంట్లో ఇంకో మూడున్నాయనీ, నాలుగూ ఒకే పళ్లెంలో తింటాయనీ చెప్పాడు. “మా ఇంటామె సాకినయి సారూ. ఆమె పోయింది, గివన్న ఉండాలె” అన్నాడు.

చిన్నిని వేరే గదిలో పెట్టమన్నాను. తక్కినవాటికి సుత జెర రక్తం చూడమని అడిగాడు. నాకు ఆకలేస్తోంది. బాగానే తింటున్నాయి కదా, వాటికెందుకయ్యా అని విసుక్కున్నాను. జబ్బు చేసినదానికే పరీక్ష అన్నది మా శాఖలో పాతుకుపోయిన అలవాటు. దానికి నా బద్ధకమూ తోడైంది, దాచడమెందుకు!

చిన్ని నెలలోపే పోయింది. నాలుగు నెలలకు యాదగిరి మళ్లీ వచ్చాడు. ఈసారి సంచిలో రాజు, అవే తెల్లటి చిగుళ్లు. అప్పుడు మూడింటికీ పరీక్ష చేయించాను. రాజుకు ఉంది. అన్నిటికన్నా పుష్టిగా ఉన్న మోతీకీ ఉంది. రోజూ మిగతావాటిని నాకి శుభ్రం చేసేది అదే. లక్ష్మి ఒక్కదానికే లేదు. దేని నుంచి దేనికి వచ్చిందో చెప్పలేను గానీ, ఆ నాలుగు నెలలూ వాటి పళ్లెం ఒక్కటే.

యాదగిరి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. “ఆనాడే అడిగిన గద సారూ” అని మాత్రం అన్నాడు. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, లక్ష్మికి పళ్లెం వేరుగా పెట్టాలా అని అడిగాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. పళ్లెమే కాదు, గది కూడా వేరు చేయమన్నాను.

తర్వాతి సర్వీసంతా, ఎవరు పిల్లిని తెచ్చినా దాని నోరు తెరవకముందే ఇంట్లో ఎన్నున్నాయని అడిగేవాణ్ణి. బాగున్నవాటినీ తెమ్మనేవాణ్ణి. నేను చదివిన పుస్తకాల్లో ఆ పద్ధతి ఉంది. నాకు గుర్తు చేసింది మాత్రం ఒక ఫిట్టరు, నేను వినలేదు.