సాయం చేసినవారి పేర్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మార్కాపురంలో డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్‌లో మొదటి పాఠాలు చెప్పడానికి చేరిన ఏడాది, ఆ కోపానికి కొత్త ఉత్సాహం కూడా తోడైంది. పెద్ద పెద్ద కాలేజీల నిబంధనలు నెట్‌లో చదివి, నాలుగు ఏరి, తెలుగులో రాసి ల్యాబ్ గోడకు అంటించాను. వాటిలో నాకు బాగా నచ్చింది మూడోది. ప్రోగ్రాం రాయడంలో ఎవరు సాయం చేసినా వాళ్ల పేరు పైన రాయాలి. సాయం తీసుకుని పేరు రాయకపోతే కాపీ కింద లెక్క. కాపీ కొడితే సున్నా. ల్యాబ్‌లో సున్నా వచ్చినవాళ్లు పరీక్షకు కూర్చునేది లేదు.

ఎంత బాగా రాశానో అని నేనే రెండుసార్లు చదువుకున్నాను.

మొదటి ప్రోగ్రాం మూడు సంఖ్యల్లో పెద్దది కనిపెట్టడం. ఎనిమిది వరుసల పని. దొనకొండ నుంచి రైల్లో వచ్చే కుర్రాడు తెచ్చిన కాగితాలు రెండు పేజీలున్నాయి. ఏమిట్రా ఇదంతా అంటే "సాయం చేసినోళ్లు సార్" అన్నాడు. చద్ది కట్టిన అమ్మ, స్టేషన్ దాకా బండి మీద దింపిన మామ, ప్రార్థన చేసిన పాస్టరమ్మ, కరెంటు తీయకుండా చూసిన లైన్‌మన్ అన్న. పెళ్లి శుభలేఖలో బంధుమిత్రుల పేర్లలాగా వరసపెట్టి రాశాడు. ప్రోగ్రాం రెండో పేజీ అడుగున ఎక్కడో ఉంది.

వాడొక్కడే కాదు, క్లాసంతా అంతే. మరునాడు ఒకమ్మాయి వచ్చి తన కాగితం వెనక్కి ఇమ్మంది. "మామ పేరు పైన, మా చిన్నాయన పేరు కింద పడింది సార్. చిన్నాయన అలిగినాడు, అన్నం గూడా తినలా" అంది. నేను అరిచాను. సాయమంటే ప్రోగ్రాంలో సాయం, ఇంట్లో సాయం కాదని బోర్డు మీద రాశాను. అయినా పేర్లు తగ్గలేదు. అందరి జాబితాల్లోనూ మొట్టమొదట 'గౌరవనీయులైన సార్ గారు' అని నేనే ఉండేవాణ్ణి కాబట్టి, నిజం చెప్పొద్దూ, నేనూ మరీ గట్టిగా పట్టుబట్టలేదు.

ఒక్క అమ్మాయి మాత్రం ఎవరి పేరూ రాసేది కాదు. పుల్లలచెరువు అవతల, అడవి అంచు పల్లె నుంచి బస్సులో వచ్చేది. అమ్మానాయనా కూలికి పోయేవాళ్లు. ఆమె ప్రతి ప్రోగ్రాం మీదా ఒకటే ముక్క: ఎవరూ లేరు. నా పేరు కూడా లేదు. పాఠం చెప్పింది నేను కదా, ఆ మాత్రం కృతజ్ఞత ఉండొద్దా అని నాకు లోపల మండేది.

చివరి ప్రోగ్రాంకి, మీ ఊళ్లో జరిగే పని ఏదైనా తీసుకుని రాయండి అన్నాను. ఆమె నీళ్ల ట్యాంకర్ వస్తే ఏ ఇంటికి ఎన్ని బిందెలు పంచాలో తేల్చే ప్రోగ్రాం రాసింది. దొనకొండ కుర్రాడిదీ అదే ట్యాంకర్, అవే బిందెలు. అక్షరం తేడా లేదు. రెండింటిలోనూ అవ్వ ఇంటికి రెండు బిందెలు ఎక్కువ. కుర్రాడి కాగితం మీద పదిహేడు పేర్లున్నాయి గానీ ఆమె పేరు లేదు. ఆమె కాగితం మీద ఎప్పటిలాగే ఎవరూ లేరు.

దొరికారు అనుకున్నాను. రూలు రూలే. ఇద్దరికీ సున్నా, ఇద్దరికీ పరీక్ష లేదు. ఇద్దరినీ స్టాఫ్ రూంకి పిలిపించాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నోరు విప్పకముందే "నేను కాదు సార్" అన్నాడు కుర్రాడు. ఆ పిల్ల మాత్రం నా బల్ల మీద పక్కపక్కనే ఉన్న రెండు కాగితాలూ చూసింది.

"పరీక్ష పోతే మా నాయన ఇంక కాలేజీకి పంపడు సార్. ఇప్పటికే మిరపకాయలు కోసేదానికి రమ్మంటన్నాడు. నేను ఎవర్నీ చూసి రాయలా" అంది.

ముందు కుర్రాణ్ణి అడిగాను. "అవ్వకి రెండు బిందెలు ఎక్కువ ఎందుకురా?"

వాడు కాసేపు పైకప్పు చూశాడు. "పెద్దమనిషి గద సార్. దప్పిక ఎక్కువైతాది."

అదే ప్రశ్న ఆమెను అడిగాను. "మా అవ్వకు బర్రె ఉంది సార్" అంది, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నాకు నవ్వాగలేదు. కుర్రాడు తల దించుకుని ఒప్పుకున్నాడు. ల్యాబ్‌లో ఆమె లేచాక అదే కంప్యూటర్ ముందు కూర్చున్నాడట. ఆమె ఫైలు తెరిచే ఉందట.

"పాస్టరమ్మను రాశావు, లైన్‌మన్‌ను రాశావు. ఈ పిల్ల పేరు రాస్తే ఏం పోయిందిరా?"

"ఆడపిల్ల పేరు ఎట్ల రాసేది సార్? మీరేమో అందరి ప్రోగ్రాంలూ తీసకపోయి ల్యాబ్ గోడకు అంటిస్తారు. ఎవడో ఒకడు ఫొటో తీసి గ్రూపులో పెడతాడు. ఆ పిల్ల మా మేనత్త ఊరి పిల్ల, నాకు వరస గూడా అయితాది. మా మేనత్త చూసిందంటే పెళ్లి ఖాయం చేసేస్తాది."

"నాకొద్దు సార్" అంది ఆ పిల్ల వెంటనే.

ఆమెకు పూర్తి మార్కులు వేశాను. పరీక్షకు అడ్డు లేదని చెప్పాను. వాడికి కొత్తది రాసి తెచ్చుకోవడానికి వారం గడువిచ్చి పంపేశాను. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ నా కడుపులో మంట ఇంకా చల్లారలేదు.

"ఎవరూ లేరు, ఎవరూ లేరు అని రాస్తావే. రోజూ నాలుగు నుంచి ఐదు దాకా డౌట్లు చెప్పడానికి ఇక్కడే కూర్చుంటున్నాను. ఒక్కరోజన్నా వచ్చావా?" అన్నాను.

"మా బస్సు మూడున్నరకే పోతాది సార్. దాని తర్వాత బస్సు లేదు."

నిబంధనలు రాసేటప్పుడు నేను బస్సుల వేళలు చూడలేదు. సిగ్గేసింది. ఆ గంటను మధ్యాహ్నం అన్నాల వేళకు మార్చాను. మర్నాడే ఆమె ఒక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. మొదటి రోజు నుంచి అడగాలనుకున్నవన్నీ నంబర్లు వేసి రాసుకుంది. ముప్పాతిక వంతు కొట్టేసి ఉన్నాయి. నేను ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టబోతే ఆమె గబగబా పేజీలు తిప్పింది.

"అవన్నీ నేనే తెలుసుకున్నా సార్. మీరు ఈడ నుంచి చెప్పండి."