నెహెమ్యా కాలు, అమరేశ్వరరావు లాంచీ

నెహెమ్యా కాలు తీసేసిన మర్నాడు కంట్రాక్టరు అమరేశ్వరరావు ఆసుపత్రికి బత్తాయిలు పట్టుకొచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేయించుకుని, "దేవుడు చానా దయగలోడు నెహెమ్యా. రెండోది మిగిల్చాడు," అన్నాడు. నెహెమ్యా భార్య కృపమ్మ బత్తాయి ఒలుస్తూ కూర్చుంది.

వాళ్లది మాచర్ల. కృష్ణ మీద డ్యాము కడుతున్న రోజుల్లో నెహెమ్యా అమరేశ్వరరావు పంటు మీద కళాసీగా చేరాడు. పంటు అంటే రాళ్లూ సిమెంటూ ఏరు దాటించే బల్లపరుపు పడవ. ఒకరోజు వడికి అది తాడు తెంపుకుని కొట్టుకుపోబోతుంటే ఆపడానికి దూకాడు. పంటుకూ రేవు రాతికీ మధ్య మోకాలు నలిగిపోయింది. పంటుకు గీత కూడా పడలేదు. ఆ శుభవార్త అమరేశ్వరరావు ఊరంతా చెప్పుకున్నాడు.

పనిలో దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం ఇచ్చుకోవాలని చట్టం ఉందని కూలీల సంఘం కృష్ణయ్య చెప్పేదాకా కృపమ్మకు తెలియదు. తెలిశాక తిన్నగా అమరేశ్వరరావు ఇంటికి పోయింది. ఆయన పడకకుర్చీలోంచి లేవలేదు.

"చట్టమేందే? మీ ఆయన్ని నేను దూకమన్నానా? వాడికి నా పంటు మీద ప్రేమ. ప్రేమకి వెల కడతారటే?"

ఇంటికొచ్చి ఆ మాట చెబితే నెహెమ్యా గోడవైపు తిరిగి పడుకున్నాడు. "పోనీలేవే, పెద్దోళ్లతో మనకెందుకు."

"ఆయన పెద్దోడే. నీ కాలు చిన్నదా?" అంది కృపమ్మ. ఆ వారమే కృష్ణయ్య చేత అర్జీ పెట్టించింది.

గుంటూరులో కమిషనరు ముందు విచారణ. నెహెమ్యా పడవ మనిషి గనక కట్టడం కూలీల నియమం అతనికి వర్తించదని అమరేశ్వరరావు ప్లీడరు మొదటి వాయిదాలో నిరూపించాడు. రెండో వాయిదాకి కృష్ణయ్య, "అయితే పడవ మనుషుల నియమం కిందే ఇప్పించండి," అన్నాడు.

"అది ఓడ కళాసులకండీ. మాచర్లకు సముద్రం ఎప్పుడొచ్చింది?" అన్నాడు ప్లీడరు. గదిలో అందరూ నవ్వారు. కృపమ్మకు అర్థమైనంతవరకు ఆమె మొగుడు నేల మీదా లేడు, నీళ్లలోనూ లేడు. కాలు మాత్రం మధ్యలో ఎక్కడో గాల్లో పోయింది.

కమిషనరు చట్టం తిరగేశాడు. సముద్రమే కానక్కర్లేదట, ఏరైనా చాలు. కాకపోతే పడవకు ఇంజనుండాలి, లేదా ఇంజను పడవేదైనా దాన్ని లాగుతుండాలి. పంటును అమరేశ్వరరావు ఇంజను లాంచీ లాగుతుందని చెప్పాల్సింది ఆ లాంచీ నడిపే రసూలు. సాక్ష్యం అనగానే అతనికి ఉద్యోగం గుర్తొచ్చింది, ఆ వెంటనే జ్వరమూ వచ్చింది.

"లాంచీ ఏమిటండీ? ఆ పంటు గడలతో నెట్టుకునే నాలుగు చెక్కలు. దాన్ని పడవ అనడం కూడా మర్యాదకే," అన్నాడు ప్లీడరు. పట్టు కండువాతో పక్కనే కూర్చున్న అమరేశ్వరరావు కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

నువ్వేమంటావని కమిషనరు కృపమ్మను అడిగాడు.

"లాంచీయే లాగేదని నా మొగుడు చెప్పేవోడు బాబూ. అబద్ధమేమో. లాంచీ కొనే స్తోమత ఈయనగారికి యాడుంది? గడలతోనే నెట్టించుంటారు."

అమరేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "ఎవరికే స్తోమత లేంది? మద్రాసు నుంచి తెప్పించా. అట్టాంటి లాంచీ ఈ జిల్లాలో ఇంకోడికి ఉందేమో చూపించమను. అది లాగకుండా నా పంటు ఒడ్డు కదిలిందే లేదు."

ప్లీడరు కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగాడు. ఆ మాటే ప్రమాణం చేసి చెప్పమన్నాడు కమిషనరు. అమరేశ్వరరావు ప్రమాణం చేసి మరీ గట్టిగా చెప్పాడు.

తీర్పు నెహెమ్యా పక్షాన వచ్చింది. చట్టంలో ఏ అవయవానికెంతో రాసే ఉంటుంది. ఆ రాసినవాడికి తన మోకాలితో ఎప్పుడూ పని పడలేదేమోనని నెహెమ్యా అనుమానం. అయినా ఆ సొమ్ముతో మాచర్ల బస్టాండు దగ్గర సోడా బంకు పెట్టారు. తెరిచిన రోజు నెహెమ్యా కర్ర పక్కన పెట్టి, కూర్చునే మొదటి సోడా కొట్టాడు. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడి నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అతను నవ్వడం కృపమ్మ అప్పుడే చూసింది. కళ్లు తుడుచుకోవడానికి బంకు వెనక్కి పోయింది.

కొన్నాళ్లకు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. అమరేశ్వరరావు మందితో బంకు దగ్గరికొచ్చి నెహెమ్యా భుజం మీద చెయ్యేశాడు. "కాలు పోయినోడికి బతుకుదెరువు చూపించింది ఎవరో అడగండి."

నెహెమ్యా తలొంచుకుని సోడాబుడ్లు సర్దుకోసాగాడు. కృపమ్మే చెప్పింది.

"ఈయనే బాబూ. గుంటూరులో మా తరఫున ఈయన చెప్పినంత మంచి సాక్ష్యం ఇంకెవురూ చెప్పలా."

జనం చప్పట్లు కొట్టారు. తనకిచ్చిన సోడా తాగకుండానే అమరేశ్వరరావు జీపెక్కాడు. ఎన్నికల్లో మాత్రం గెలిచాడు.