కత్తెర అంటే

మా ఆయన బోర్డులు రాస్తాడు. వీధిలో ఎవరూ ఆయన్ని పేరుపెట్టి పిలవరు, "అంటేగారు" అంటారు. ఎందుకంటే ఎవరేం చెప్పినా "అంటే?" అని అడుగుతాడు. "రేపు తప్పకుండా వస్తానండీ" అని ప్లంబరు చెబితే, "తప్పకుండా అంటే?" అని తగులుకున్నాడు. ఆ ప్లంబరు మళ్ళీ మా గుమ్మం తొక్కితే ఒట్టు.

ఈ రోగం ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. లైబ్రరీ గోడమీద "నిశ్శబ్దం పాటించండి" అని రాయడానికి వెళ్ళాడు. మొదటి పూత ఆరేదాకా ఊరికే కూర్చోలేక చేతికందిన పుస్తకం తీశాడు. మాటకి అర్థం ఎక్కణ్ణుంచి వస్తుందని ఎవరో బుర్ర బద్దలుకొట్టుకుని రాసిన పుస్తకం. పూత ఆరింది, ఈయన లేవలేదు. రెండో పూతకి వెళ్ళినప్పుడు మెంబరుగా చేరి మరీ వచ్చాడు.

ఇంక చూస్కోండి నా తిప్పలు! మా ఇంట్లో ముందుగది ఆయన పనికి, పక్కనే వీధివైపు తలుపున్న గది నా కుట్టుషాపుకి. ఒకరోజు "ఇక్కడ బండ్లు నిలపరాదు" అన్న బోర్డు ముందుగదిలో గోడకి ఆనించి ఆరబెట్టాడు. దాన్ని ఆనుకునే తన స్కూటరు. నన్ను కేకేసి, "ఇప్పుడు నేను తప్పు చేస్తున్నట్టా, కాదా?" అన్నాడు.

"చేస్తున్నట్టే. ఉల్లిపాయలు తెమ్మని ఎప్పుడు చెప్పాను?"

"అది కాదే. ఇక్కడున్నంతసేపూ ఇది వట్టి రంగు. గోడకి కొడితే ఆజ్ఞ. అక్షరాలు అవే, రేకు అదే. మరి మధ్యలో వచ్చి చేరిందేమిటి? డబ్బాలో బియ్యంలాగా మాటలోపల అర్థం ఉండదే. దాంతో మనం చేసే పనిలో ఉంటుంది."

"మూత తీస్తే డబ్బాలో బియ్యమైనా ఉంటాయి. మీ నోరు తెరిస్తే ఏముంటుంది?" అన్నాను. నా నోటికి అడ్డూ అదుపూ లేదని మా అత్తగారు ఏనాడో సర్టిఫికెట్ ఇచ్చేసింది లెండి.

అలాంటి నోరు ఒక పొద్దున పడిపోయింది. జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే కుడిచెయ్యి వశం తప్పింది. కళ్ళు తెరిస్తే ఆసుపత్రి. డాక్టరుగారు వంగి, "ఎలా ఉందమ్మా?" అన్నారు. దాహంగా ఉందని చెబుదామనుకున్నాను. "కత్తెర" అని వచ్చింది. పాపం, ఆయన ఒకడుగు వెనక్కి వేశారు.

ఉన్న మాటలన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలింది. నీళ్ళకీ కత్తెరే, నొప్పికీ కత్తెరే, ఫ్యాను ఆపమనడానికీ కత్తెరే. పోనీ తల ఊపుదామంటే అదీ దారి తప్పింది. అవునన్నదానికి అడ్డంగా, కాదన్నదానికి నిలువుగా ఊగేది. మెదడులో మాటల చోటు దెబ్బతింది, తెలివికేం కాలేదు, సాధన చేస్తే మాటలు తిరిగి రావచ్చు అని డాక్టరుగారు చెప్పారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు వింటే కదా! నా ఎదురుగానే కూర్చుని, "పాపం, ఆవిడకేం తెలియడం లేదు" అనుకునేవారు. అన్నీ తెలుస్తున్నాయర్రా అని అరవబోతే మళ్ళీ కత్తెర. లోలోపల ఎంత కుమిలిపోయానో నాకే తెలుసు. ఇంక నోరు తెరవడమే మానేద్దామనుకున్నాను.

మాననివ్వనిది ఆయనే. నేను కత్తెర అనగానే అందరూ మొహం తిప్పుకునేవారు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని "అంటే?" అనేవాడు. జన్మంతా నన్ను విసిగించిన ఆ మాట అప్పుడు ఎంత చల్లగా ఉండేదో! ఏదో ఒకటి తెచ్చి ఇచ్చేవాడు. నేనడిగింది అది కాకపోతే తోసేసేదాన్ని. విసుక్కోకుండా ఇంకోటి తెచ్చేవాడు. అలా దుప్పటి దగ్గర మొదలుపెట్టి మంచినీళ్ళ దాకా వచ్చేవాళ్ళం.

ఇంటికొచ్చాక మా అమ్మాయి వచ్చి మాతోనే ఉంది. దానిది చెడ్డ ఉద్దేశం కాదు. కుడికాలు ఈడుస్తూ నడిచేదాన్ని, మిషన్ల మధ్య ఎక్కడ పడిపోతానోనని దాని భయం. "షాపు ఎవరికైనా ఇచ్చేద్దాం నాన్నా. ఒక బోర్డు రాసి పెట్టు" అంది.

ఆ షాపు నా ప్రాణం. "కత్తెర!" అన్నాను.

"అదిగో, వద్దంటోంది" అన్నాడు ఆయన.

"అమ్మ అన్నది కత్తెర. వద్దన్నది నీకు వినిపించింది. నీకు కావలసిందే నువ్వు వింటున్నావు నాన్నా."

ఆయన "అంటే?" అని కూడా అడగలేదు. ఇంక షాపు పోయినట్టే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నుంచీ ముందుగదిలో పెయింటు వాసన. మధ్యాహ్నం రేకు పట్టుకొచ్చి నా మంచం ముందు నిలబెట్టాడు. పై వరసలో "ఈ షాపు", కింది వరసలో "అద్దెకు ఇవ్వబడును". రంగు ఇంకా పచ్చిగా మెరుస్తోంది. అమ్మాయి పక్కనే నుంచుంది.

"నువ్వు చెప్పినట్టే రాశానే. ఇచ్చేయమన్నావుగా?" అన్నాడు.

ఓరి దేవుడో! ఇన్నేళ్ళు కాపురం చేసి నన్ను తెలుసుకున్నది ఇదా! "కత్తెర! కత్తెర! కత్తెర!" అంటూ మంచం దిగబోయి తూలాను. అమ్మాయి పట్టుకుంది. దాన్ని విదిలించుకుని, ఎడమచెయ్యి చాచి కింది వరసంతా ఈ చివర్నుంచి ఆ చివరికి రుద్దిపారేశాను. పై వరస జోలికి పోలేదు.

"చూశావా? తప్పు చదివితే దిద్దింది" అన్నాడు ఆయన అమ్మాయితో. "దిద్దగలిగిన మనిషి మాటకి అర్థం లేదంటావా?"

అమ్మాయి నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కిరసనాయిలు గుడ్డతో ఒక్కో వేలూ తుడిచింది. "నిన్నడక్కుండా ఇంక ఏదీ చెయ్యంలే అమ్మా" అని ఏడ్చింది. ఆ రేకు ఇప్పటికీ మా షాపు గుమ్మం మీదే ఉంది, మరకతో సహా.

తర్వాత కుడిచేతికి మెల్లగా పట్టు వచ్చింది, మాటలూ ఒకటొకటే తిరిగొచ్చాయి. తిట్లు ముందొచ్చాయి, ఆయన అదృష్టం. మొన్న షాపులో కాజాలు కుడుతూ అడిగాను, "ఆ రోజు నేను చెరపకపోతే ఏం చేసేవారు?" అని.

"గుమ్మానికి కొట్టేసేవాణ్ణి" అన్నాడు. "నాకూ అనుమానమేనే. అమ్మాయి అన్నది నిజమేమో, నాకు కావలసిందే నేను వింటున్నానేమో అని. అందుకే నాకు ఇష్టంలేనిది రాసి చూశాను."

నువ్వు నాకు బాగా తెలుసు అన్నవాళ్ళు నాకు బోలెడుమంది. నిన్ను తప్పుగా వింటున్నానేమో అని భయపడ్డవాడు ఈయనొక్కడే. ఏదో చెప్పాలనిపించింది. మొగుడికి థాంక్స్ చెప్పే అలవాటు మా ఇంటా వంటా లేదాయె. తిరిగొచ్చిన మాటలన్నీ వెతికాను, ఒక్కటీ పనికిరాలేదు.

"కత్తెర" అన్నాను.

"అంటే? పెద్దదా, చిన్నదా?" అంటూ కుర్చీలోంచి లేచాడు.

వేషాలు! తెలిసే అడుగుతున్నాడు. దిద్దక తప్పలేదు.

"కూర్చోండి. మీరుండబట్టి నేను మనిషిగా మిగిలాను అంటున్నాను."