దీపం కళ్లలో పడకుండా

మారికుప్పంలో రైలెక్కినప్పుడు నా బొమ్మకు కట్టిన గుడ్డ జారింది. బంగారు గని లోపల ఇద్దరు కార్మికులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్న బొమ్మ అది. టోపీ దీపాల వెలుగులో మెరిసే ఆ ముఖాల కోసం మూడు నెలలు కష్టపడ్డాను.

ఎదుటి సీటు పెద్దాయన దాన్ని చాలాసేపు చూసి, కిటికీ వైపు తల తిప్పుకుని అడిగాడు.

"నువ్వే గీసినావా అప్పా?"

"అవును. బొమ్మలు గీయడమే నా వృత్తి."

"బాగుండాది. అయితే లోపల ఇట్ల నిలబడరు. మాట్లాడేటప్పుడు తల పక్కకి తిప్పల్ల. లేకుంటే లైటు ఎదుటోని కండ్లలో కొడతాది."

"మరి ముఖం ఎలా కనిపిస్తుంది?"

"యాడ కనిపిస్తాది? గొంతు వినేదే. లోపల నా జతగాని మొగం నేను నిండుగా చూసింది ఒక్కతూరే. బండ పడిన పొద్దు. లైటు నేరుగా కొట్టినా వాడు తల తిప్పలేదు."

జారిన గుడ్డను మళ్లీ బొమ్మ మీదికి లాగాను.

బంగారపేటలో ఆయన లేచి "వస్తానప్పా" అన్నాడు, తల పక్కకు తిప్పి. అంతవరకూ నా ముఖం చూడడం ఆయనకు ఇష్టం లేదనుకున్నాను. గనులు మూతబడి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన నుదుటి మీద దీపం లేదు.